జమైకాలో ‘ఫ్యామిలీ ల్యాండ్’: అందరిదీ అయిన భూమి కాగితాల్లో ఎవరిది?

2025 అక్టోబరు 28న మెలిస్సా తుపాను జమైకా నైరుతి భాగంలో, వెస్ట్‌మోర్‌ల్యాండ్ పారిష్ (పారిష్ అంటే అక్కడి జిల్లా) దగ్గర తీరం దాటింది. ఐదో కేటగిరీ తుపాను, గంటకు 185 మైళ్ల గాలులు. వెస్ట్‌మోర్‌ల్యాండ్‌లోనూ పక్కనున్న సెయింట్ ఎలిజబెత్‌లోనూ ఇళ్లపై రేకులు ఎగిరిపోయాయి, చెక్క గోడలు కూలాయి, బ్లాక్ రివర్ పట్టణం చాలావరకు శిథిలమైంది. నీళ్లు తగ్గాక ఇల్లు మళ్లీ కట్టుకోవాలి. బ్యాంకు రుణానికి వెళ్లినా, బీమా గురించి అడిగినా, ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ఈ స్థలం ఎవరి పేరున ఉంది?

జమైకా పల్లెల్లో ఈ ప్రశ్నకు తరచుగా వచ్చే జవాబు అధికారులకు మింగుడుపడదు. ‘మా ముత్తాత కొన్నాడు. మా అందరిదీ.’ ఆ అందరిలో కొందరు ఆ ఊళ్లోనే ఉంటారు. కొందరు కింగ్‌స్టన్‌లో, కొందరు లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో, బర్మింగ్‌హామ్‌లో, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో, టొరంటోలో. ఆ నేలను ఒక్కసారి కూడా చూడని మనవలూ అందులో ఉంటారు. ఇలాంటి భూమినే అక్కడివాళ్లు ఫ్యామిలీ ల్యాండ్ అంటారు. జమైకా కుటుంబ జీవితం, వలసలు, చావుపుట్టుకలు, అన్నదమ్ముల తగాదాలు అన్నీ ఈ ఒక్క ఏర్పాటు చుట్టూ తిరుగుతాయి. ఇందులో చిక్కుముడి ఎక్కడ పడిందో చూద్దాం.

ఫ్యామిలీ ల్యాండ్ అంటే ఏది, ఏది కాదు

మొదట ఎవరో ఒకరు ఆ భూమిని సంపాదిస్తారు. ఎక్కువగా 19వ శతాబ్దం చివరనో, 20వ శతాబ్దం మొదట్లోనో. ఎకరం, రెండెకరాలు, ఒక్కోచోట అంతకంటే తక్కువే. ఆ మూలపురుషుడు, లేదా మూలస్త్రీ, ‘ఇది నా పిల్లలకు, వాళ్ల పిల్లలకు, అమ్మడానికి వీల్లేదు’ అని నోటి మాటగానో వీలునామాలోనో చెప్పి పోతారు. అప్పటి నుంచి ఆ రక్తసంబంధంలో పుట్టిన ప్రతి ఒక్కరికీ ఆ నేల మీద హక్కు ఉన్నట్టే.

ఇక్కడ మన పాఠకులు ఉమ్మడి ఆస్తిని తలచుకుంటారు. పోలిక కొంతవరకే నడుస్తుంది. హిందూ ఉమ్మడి కుటుంబంలో భాగస్వామికి నా వాటా నాకు పంచి ఇవ్వండి అని అడిగే హక్కు ఉంటుంది; కూతుళ్లకు ఆ హోదా ఆంధ్రప్రదేశ్‌లో 1980ల చట్ట సవరణతో గానీ రాలేదు. జమైకా ఆచారంలో కొడుకు, కూతురు అన్న తేడా మొదటి నుంచీ లేదు. తల్లి వైపు నుంచి వచ్చినా తండ్రి వైపు నుంచి వచ్చినా హక్కు హక్కే. తల్లిదండ్రులకు పెళ్లయిందా లేదా అన్నది కూడా లెక్కలోకి రాదు. కానీ పంపకం అడిగే హక్కు మాత్రం ఎవరికీ లేదు. ఉన్నది వాడుకునే హక్కు: ఇల్లు కట్టుకోవచ్చు, చెట్ల కాయలు కోసుకోవచ్చు, చేతిలో డబ్బు లేని రోజున వచ్చి తలదాచుకోవచ్చు, చనిపోయాక అక్కడే పూడ్చిపెట్టించుకోవచ్చు. భర్తకు భార్య వైపు భూమిలో, భార్యకు భర్త వైపు భూమిలో ఆచారం ప్రకారం సొంత హక్కు రాదు. వాళ్లకు పుట్టిన పిల్లలకే వస్తుంది.

దీన్ని మరో రెండు రకాల భూములతో కలిపేయకూడదు. ఒకటి, ఒక మనిషి తన డబ్బుతో కొని తన ఇష్టం వచ్చినట్టు అమ్ముకోగల భూమి. పల్లెల్లో దీన్ని కొన్న భూమి అని విడిగా చెబుతారు; అయితే ఈ తరంలో కొన్న భూమి వచ్చే తరానికి ఫ్యామిలీ ల్యాండ్‌గా మారిపోవడం మామూలే. రెండోది మరూన్ల ఉమ్మడి భూమి. తోటల యజమానుల నుంచి పారిపోయి కొండల్లో పోరాడిన మరూన్లు 1739లో బ్రిటిష్‌వారితో ఒప్పందం చేసుకున్నారు. అకాంపాంగ్ ఊరి భూమి అలా దక్కినదే. అది ఊరు మొత్తానికి చెందుతుంది. ఫ్యామిలీ ల్యాండ్ ఒక వంశానికే చెందుతుంది, ఊరికి కాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. జమైకా చట్టాల్లో ఫ్యామిలీ ల్యాండ్ అనే వర్గమే లేదు. ఊళ్లో అందరికీ తెలిసిన ఈ హక్కు చట్టం దృష్టిలో వీలునామా లేని వారసత్వం, లేదా రిజిస్టరుకు ఎక్కని ఆస్తి.

కొండవాలు తోటల నుంచి స్వేచ్ఛా గ్రామాల దాకా

ఇంత చిన్న చెక్క మీద ఇంత మందికి హక్కు ఎందుకు పెట్టారు? దీనికి జవాబు బానిసత్వ కాలంలో ఉంది.

జమైకాలో చెరకు తోటల యజమానులు బానిసలకు తిండి పెట్టే ఖర్చు తప్పించుకోవడానికి, చెరకుకు పనికిరాని కొండవాలులో కొంత నేల చూపించి పండించుకు తినమనేవారు. ఆఫ్రికా ప్రజలు అక్కడ యామ్ దుంపలు, చేమ జాతి దుంపలు, అరటి వేశారు. మిగిలింది ఆదివారం సంతలో అమ్మారు. చట్టం ప్రకారం వాళ్ల శరీరాలే వాళ్లవి కావు. అయినా ఆ పెరడు, ఆ కొండ చెక్క తల్లి నుంచి బిడ్డకు చేరుతూ వచ్చాయి. చాలా తోటల్లో యజమానులు కూడా ఆ ఆనవాయితీలో వేలు పెట్టలేదు. చనిపోయినవారిని ఆ పెరట్లోనే పూడ్చేవారు.

1834 ఆగస్టు 1న బానిసత్వ రద్దు చట్టం అమల్లోకి వచ్చింది. జమైకాలోనే మూడు లక్షలకు పైగా మనుషులు బానిసలుగా లెక్కలో ఉన్నారు. బ్రిటిష్ పార్లమెంటు జమైకాకూ ఇతర వలసలకూ కలిపి 2 కోట్ల పౌండ్ల పరిహారం మంజూరు చేసింది, అదీ యజమానులకు. విడుదలైనవారికి ఒక్క పెన్నీ గానీ గజం భూమి గానీ రాలేదు. పైగా నాలుగేళ్ల పాటు అప్రెంటిస్‌షిప్ పేరుతో పాత యజమాని దగ్గరే జీతంలేని చాకిరీ. 1838 ఆగస్టు 1న అది కూడా పోయాక యజమానులు కొత్త ఉపాయం పట్టారు. తరతరాలుగా ఉంటున్న గుడిసెకు, పండించుకుంటున్న చెక్కకు అద్దె వేశారు. కట్టలేకపోతే, కూలికి రాకపోతే, ఖాళీ చేయించారు.

బాప్టిస్టు మిషనరీలు ఈ సమయంలో దళారుల పాత్ర పోషించారు. దళారి అన్న మాటను ఇక్కడ మంచి అర్థంలోనే వాడుతున్నాను. నల్లవారికి నేరుగా అమ్మని భూమిని తమ పేరున కొని, చిన్న చిన్న ముక్కలు చేసి, విడుదలైన కుటుంబాలకు అమ్మారు. జేమ్స్ ఫిలిప్పో 1835లో సెయింట్ కేథరిన్ కొండల్లో భూమి కొని మొదలుపెట్టిన స్లైగోవిల్ ఇలాంటి స్వేచ్ఛా గ్రామాల్లో మొదటిది. తర్వాత ట్రెలానీలో, సెయింట్ జేమ్స్‌లో అలాంటివి ఎన్నో వెలిశాయి. ఆ రోజుల్లో ఓటు హక్కు కూడా ఆస్తి ఉన్నవారికే.

అయితే కొనగలిగింది కొద్దిమందే, కొన్నది కొద్ది నేలే. భూమి కరువు, కోర్టుల్లో అన్యాయం కలిసి 1865లో మొరాంట్ బే తిరుగుబాటుకు దారితీశాయి. పాల్ బోగల్ నడిపిన ఆ తిరుగుబాటును గవర్నర్ ఎయిర్ నాలుగు వందల మందికి పైగా ప్రాణాలు తీసి అణిచాడు. అలాంటి చోట ఒక కుటుంబం చేతికి రెండెకరాలు చిక్కాయంటే, దాన్ని ఏ ఒక్క కొడుకూ తాగి తగలేయకుండా, ఏ అప్పులవాడూ జప్తు చేయకుండా కాపాడాలన్న పట్టుదల పుట్టడంలో వింత లేదు. అమ్మకూడదు అన్న నియమం అక్కడి నుంచి వచ్చిందే. నాకు ఇది మూఢ ఆచారంలా కనిపించదు. మళ్లీ ఎవరూ మమ్మల్ని ఖాళీ చేయించకూడదన్న లెక్కతో కట్టిన గోడ ఇది.

బొడ్డుతాడు చెట్టు, పెరట్లో సమాధి

పల్లె జమైకాలో బిడ్డ పుట్టాక బొడ్డుతాడును నేలలో పూడ్చి, దాని మీద ఒక మొక్క నాటే ఆనవాయితీ ఉండేది. కొబ్బరి, పనస జాతికే చెందిన బ్రెడ్‌ఫ్రూట్, ఏదైనా సరే ఆ చెట్టు ఆ బిడ్డది. ఆసుపత్రి కాన్పులు వచ్చాక ఇది తగ్గింది, కానీ మాట నిలిచింది. లండన్‌లో యాభై ఏళ్లు బస్సు నడిపిన పెద్దాయన కూడా తన ఊరి గురించి చెప్పేటప్పుడు ‘నా బొడ్డుతాడు పూడ్చింది అక్కడే’ అంటాడు. అంటే అక్కడికి వెళ్లడానికి నన్ను ఎవరూ ఆపలేరని.

రెండో కొస సమాధి. చాలా పెరళ్లలో ఇంటికి కొన్ని అడుగుల దూరంలోనే సున్నం కొట్టిన సిమెంటు సమాధులు వరుసగా కనిపిస్తాయి. పిల్లలు వాటి మీద కూర్చుని మామిడిపళ్లు తింటారు, వాటి మీదే బట్టలు ఆరేస్తారు. సరిహద్దు తగాదా వస్తే ఆ సమాధులే సాక్ష్యం: మా తాత అమ్మ ఇక్కడ పడుకుంది, మీ వాళ్లు ఎవరు పడుకున్నారు?

చావు వచ్చినప్పుడు ఈ భూమి మీద ఎవరెవరికి హక్కుందో కళ్లకు కడుతుంది. ఆచారం పేరు నైన్-నైట్. పేరుకు తొమ్మిదో రాత్రి. ఈ రోజుల్లో న్యూయార్క్ నుంచి, లండన్ నుంచి రావాల్సినవాళ్ల టికెట్లు కుదిరేదాకా శవాన్ని శీతల గదిలో ఉంచి, అంత్యక్రియల ముందు రాత్రికి జరుపుతారు. టార్పాలిన్ కింద బెంచీలు వేస్తారు. వేయించిన చేప, గట్టి రొట్టె, కాఫీ, మేక తలా పేగులతో కాచిన చారు, గొంతు మండించే తెల్ల రమ్ము. ఒక మూల డామినోల ముక్కల్ని బల్ల పగిలేలా కొడుతూ ఆట. ఒక పెద్దావిడ కీర్తనలోని చరణం చదివితే మిగతావాళ్లు అందుకుని సాగదీసి పాడతారు. అర్ధరాత్రి దాటాక వంటపొయ్యి దగ్గర ఇంకో సంభాషణ మొదలవుతుంది. ఇల్లు ఎవరు చూసుకుంటారు? పన్ను రసీదులు ఎవరి దగ్గర ఉన్నాయి? పడమటి చెక్కలో మినీవ్యాను షెడ్డు వేసిన తమ్ముడు ఎవరిని అడిగి వేశాడు? అన్ని శాఖలవాళ్లూ ఒకేచోట కలిసేది మళ్లీ ఎప్పుడో ఎవరికీ తెలియదు కాబట్టి ఆ మాటలు అక్కడే తేల్చుకోవాలి. తరచుగా తేలవు.

రెండెకరాలను అరవై మందికి పంచితే

లెక్క వేసి చూస్తే గాని ఈ చిక్కు బోధపడదు. ఊహకు ఒక కుటుంబాన్ని తీసుకుందాం. ముత్తాత 1890లలో రెండెకరాలు కొన్నాడు. అంటే 9,680 గజాలు. ఆయనకు ఐదుగురు పిల్లలు. ఒక్కొక్కరికి నలుగురు, మళ్లీ వాళ్లలో ఒక్కొక్కరికి ముగ్గురు.

చట్టం ప్రకారం సమంగా పంచితే ఐదుగురు పిల్లలకు తలా 1,936 గజాలు. ఇరవైమంది మనవలకు తలా 484. అరవైమంది మునిమనవలకు తలా సుమారు 161 గజాలు. హైదరాబాదులో అయితే ఇదొక ఇంటి స్థలం. ఏటవాలు కొండ మీద, దారి లేకుండా, మధ్యలో నాలుగు సమాధులతో, దేనికీ పనికిరాని చీలిక.

కుటుంబాలు ఇంత సమంగా పెరగవు కూడా. ఒక శాఖలో ఒకే మనవడు, ఇంకో శాఖలో ఎనిమిదిమంది అనుకోండి. చట్టం శాఖల వారీగా పంచుతుంది కాబట్టి ఒక్కడే ఉన్న మనవడికి 1,936 గజాలు, ఎనిమిదిమంది ఉన్న ఇంటిలో తలా 242. ఆచారం మాత్రం ఈ శాఖల లెక్క చూడదు. తొమ్మిదిమందిలో ఎవరు వచ్చి తలుపు తట్టినా హక్కు ఒకటే.

ఇప్పుడు ఆచారం ఎలా నడుస్తుందో చూడండి. అరవైమందిలో యాభైమంది ఎక్కడెక్కడో ఉన్నారు. ఊళ్లో ఉన్నవాళ్లలో కొందరికి సొంత భూమి వేరే ఉంది. నిజంగా ఆ రెండెకరాల మీద ఇల్లు వేసుకుని ఉండేది నాలుగైదు కుటుంబాలే. అంతమందికి హక్కున్నా ఆ కొద్ది నేల సరిపోవడానికి కారణం ఇదే: అందరూ ఒకేసారి రారు. వలస ఈ ఏర్పాటులో భాగం. 1904 నుంచి 1914 వరకు పనామా కాలువ తవ్వడానికి, తర్వాత క్యూబా చెరకు తోటలకు, 1948 నుంచి 1962 ఆంక్షల దాకా బ్రిటన్‌కు, 1965 తర్వాత అమెరికాకు, 1966 నుంచి కెనడా పొలాలకు సీజను కూలీలుగా జమైకన్లు వెళుతూనే ఉన్నారు. వెళ్లినవాళ్లు డబ్బు పంపారు; ఆ డబ్బుతో కొత్త గదులు లేచాయి, ఎండకు తట్టుకునే సిమెంటు దిమ్మలు చెక్క గోడల స్థానంలోకి వచ్చాయి. పని పోతే, ఒంట్లో బాగోకపోతే, వెళ్లినచోట వర్ణవివక్ష భరించలేకపోతే, తిరిగి రావడానికి ఒక చోటు ఉందన్న ధైర్యంతోనే చాలామంది ఓడ ఎక్కారు.

చట్టం అడిగేవి, కుటుంబం దగ్గర లేనివి

జమైకాలో టైటిల్ అంటే 1889 నుంచి అమల్లో ఉన్న రిజిస్టరు విధానం. ఒక స్థలం ఒకసారి ఆ పుస్తకంలోకి ఎక్కితే అందులో ఉన్న పేరే యజమాని. ద్వీపంలో పెద్ద వంతు స్థలాలు ఇప్పటికీ ఆ పుస్తకంలో లేవు. వాటి యజమానుల దగ్గర ఉండేవి పాత క్రయ రసీదు, మడతలు విరిగిపోయిన వీలునామా, ఆస్తి పన్ను కట్టిన రసీదులు. పన్ను పుస్తకంలో చాలాచోట్ల చనిపోయిన తాత పేరే ఇంకా నడుస్తుంటుంది.

మన ఊహా కుటుంబంలో ఊళ్లో ఉంటున్న మునిమనవరాలు టైటిల్‌కు దరఖాస్తు చేసిందనుకుందాం. ముత్తాత వీలునామా రాయలేదు, కాబట్టి ఆయన ఆస్తి నిర్వహణకు కోర్టు నుంచి అధికార పత్రం కావాలి. ఆయన పిల్లలు కూడా పోయారు, వాళ్లకూ అలాగే. సర్వేయరు హద్దులు కొలవాలి, ఇరుగుపొరుగు ఒప్పుకోవాలి. వారసులందరి జాడ తీయాలి. న్యాయవాదికి, సర్వేయరుకు, కోర్టుకు కలిపి అయ్యే ఖర్చు ఒక్కోసారి ఆ చెక్క విలువతో పోటీపడుతుంది.

ఇక అసలైన మెలిక. జమైకాలో పెళ్లికి బయట పుట్టే పిల్లలే ఎప్పటి నుంచో ఎక్కువ. 1976 దాకా చట్టం వాళ్లను తండ్రి వారసులుగా గుర్తించలేదు. మైకేల్ మ్యాన్లీ ప్రభుత్వం ఆ ఏడాది తెచ్చిన స్టేటస్ ఆఫ్ చిల్డ్రన్ చట్టం ఆ తేడాను చెరిపేసింది. కానీ చట్టం రాకముందే చనిపోయినవారి ఆస్తికి పాత నియమమే వర్తిస్తుంది. మన ముత్తాత 1930లలో పోయాడు; ఐదుగురిలో ఇద్దరు పెళ్లికి బయట పుట్టినవాళ్లు. ఊరి లెక్కలో ఐదుగురూ సమానమే, వాళ్ల మనవలు ఇప్పుడు ఆ నేల మీదే ఉంటున్నారు. కోర్టు లెక్కలో ఆ రెండు శాఖలూ లేవు. టైటిల్ కోసం ఫైలు కదిలించిన రోజే, ఎనభై ఏళ్లకు పైగా ఎవరూ అడగని ప్రశ్న బల్ల మీదికి వస్తుంది. పల్లెల్లో చాలామంది ఆ ఫైలు కదిలించకపోవడానికి ఖర్చు ఒక్కటే కారణమని నేను అనుకోను.

ఉన్నవారి గోడు, వెళ్లినవారి గోడు

ఇద్దరి మాటా వినాలి.

ఊళ్లో ఉన్నవాడు ఇలా అంటాడు: పన్ను కట్టింది నేను, కంచె వేసింది నేను, అమ్మమ్మకు మంచంలో సేవ చేసింది నేను. నలభై ఏళ్ల తర్వాత టొరంటో నుంచి దిగి నా భాగం ఏది అంటే ఎలా? పైగా నేను ఒక గది వేయాలంటే బ్యాంకు రుణం ఇవ్వదు, ఎందుకంటే భూమి నాది కాదట.

వెళ్లినవాళ్ల మాట ఇంకోలా ఉంటుంది: ఆ పన్నుకు డబ్బు పంపింది ఎవరు? పైకప్పు వేయించింది ఎవరు? క్రిస్మస్‌కు బియ్యం, నూనె, బట్టలు, పిల్లల బూట్లు నింపిన పీపాలు ఏటా ఓడలో వేసింది ఎవరు? చచ్చేలోగా తిరిగి వచ్చి నా అమ్మ పక్కన పడుకోవాలనే కదా ఇన్నాళ్లు చలిలో ఆసుపత్రుల నేలలు తుడిచింది?

ఆచారం వెళ్లినవాళ్ల వైపు నిలుస్తుంది. ఎంత కాలమైనా హక్కు చావదు అంటుంది. చట్టం ఉన్నవాళ్ల వైపు ఒరుగుతుంది. జమైకాలో ప్రైవేటు భూమిని పన్నెండేళ్ల పాటు ఎవరి అనుమతీ లేకుండా, ఎవరూ అడ్డు చెప్పకుండా తన సొంతంలా అనుభవించినవారు దాని మీద హక్కు కోరవచ్చు. ప్రతికూల స్వాధీనం అని మన కోర్టుల్లో వినే మాటే. ఇది బయటివాడికే కాదు, సహ యజమానికీ వర్తిస్తుంది. జమైకాకు ఇప్పటికీ ఆఖరి అప్పీలు కోర్టు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్. ఒక జమైకా కేసులో 2003లో అది ఇచ్చిన తీర్పు ఈ సంగతి తేల్చింది. భార్యాభర్తలు కలిసి కొన్న ఆస్తి. విడిపోయి దూరంగా ఉండిపోయిన మొదటి భార్య ఏళ్ల తరబడి ఆ ఇంటి వైపు రాలేదు. భర్త, ఆయన రెండో భార్య దాన్ని పూర్తిగా తమదిగానే అనుభవించారు. మొదటి భార్య హక్కు కాలదోషం పట్టి పోయిందని ప్రివీ కౌన్సిల్ చెప్పింది. అది ఫ్యామిలీ ల్యాండ్ కేసు కాదు. కానీ విదేశాల్లో ఉన్న వారసులను భయపెట్టేది ఈ సూత్రమే: నువ్వు నమ్మకంతో తమ్ముడికి అప్పగించి వెళ్లిన పెరడు, కాగితం మీద ఒక రోజు ఆ తమ్ముడి ఒక్కడిదే కావచ్చు.

వెళ్లినవాళ్ల వైపు నుంచి దీనికో జవాబు ఉంది. తమ్ముడు ఊళ్లో ఉన్నది అన్నల అనుమతితోనే అని రుజువైతే పన్నెండేళ్ల లెక్క మొదలవదు. ఒక ఉత్తరం, ఒక ఫోను సందేశం, పంపిన పన్ను డబ్బుకు రసీదు, ఇవన్నీ అందుకే విలువైన కాగితాలవుతాయి. కుటుంబంలో మాటే చాలనుకున్నవాళ్ల దగ్గర ఇవేవీ ఉండవు.

పరిశోధకులు, ఆర్థికవేత్తలు ఏమంటారు

జమైకాలోనే పుట్టిన మానవశాస్త్రవేత్త ఈడిత్ క్లార్క్ 1950లలో కుటుంబ వ్యవస్థ మీద చేసిన అధ్యయనంలో ఫ్యామిలీ ల్యాండ్‌ను వివరంగా నమోదు చేశారు. దీని వేరు పశ్చిమ ఆఫ్రికాలో, ముఖ్యంగా అశాంతి ప్రజల వంశ భూముల్లో ఉందని ఆమె భావించారు. ట్రెలానీ స్వేచ్ఛా గ్రామాల్లో దశాబ్దాలు పనిచేసిన జీన్ బెసన్ ఒప్పుకోలేదు. ఆఫ్రికాలో వంశం తల్లి వైపో తండ్రి వైపో ఒకే దారిలో సాగుతుంది, ఇక్కడ రెండు దారులూ కలుస్తాయి. కాబట్టి ఇది కరీబియన్ నేల మీదే, తోటల యజమానులకు ఎదురు నిలిచి మనుషులు కట్టుకున్న కొత్త ఏర్పాటు అని ఆమె వాదన. బెసన్ ఇంకో సంగతి కూడా పట్టుకున్నారు: నేల చాలదని నిత్యం బాధపడే మనుషులే, అదే నేల ఎంతమంది పుట్టినా తరగదన్నట్టు మాట్లాడతారు. చార్ల్స్ కార్నెగీ అయితే 1987లో అసలు దీన్ని ఒక స్థిరమైన వ్యవస్థ అని పిలవడమే సరికాదేమో అన్నారు; మనుషులు అవసరాన్ని బట్టి ఒకసారి ఆచారాన్ని, ఒకసారి కాగితాన్ని వాడుకుంటారని.

మూడింటిలో నాకు కార్నెగీ మాట రోజువారీ జీవితానికి దగ్గరగా తోస్తుంది. భూమి అమ్మకూడదు అని తండ్రి సమాధి దగ్గర ప్రమాణం చేసిన మనిషే, 1950లలో బాక్సైట్ కంపెనీలు సెయింట్ ఆన్, మాంచెస్టర్ పారిష్‌లలో భూములు కొనడానికి వచ్చినప్పుడు సంతకం పెట్టి ఉండవచ్చు. రెండూ ఆ మనిషివే.

ప్రణాళికావేత్తల విమర్శ వేరు. వలస పాలన కాలం నుంచీ వాళ్లది ఒకటే ఫిర్యాదు: ఈ భూముల్లో ఎవరూ గట్టిగా సాగు చేయరు, పెట్టుబడి పెట్టరు, అందరిదీ అయినది ఎవరికీ పట్టదు. పెరూ ఆర్థికవేత్త హెర్నాండో డి సోటో 2000లో ‘మృత పెట్టుబడి’ అన్న మాటను ప్రచారంలోకి తెచ్చాక ఈ వాదనకు కొత్త ఊపు వచ్చింది: టైటిల్ ఇస్తే తాకట్టు పెట్టవచ్చు, తాకట్టుతో వ్యాపారం మొదలవుతుంది. ఇందులో నిజం ఉంది. రేకులు ఎగిరిపోయిన ఇంటికి రుణం దొరక్కపోవడం కళ్ల ముందు కనిపించే నష్టం. కానీ తాకట్టు పెట్టగల భూమి అంటే జప్తు చేయగల భూమి కూడా. ఆ ముత్తాత అడ్డుకోవాలనుకున్నది సరిగ్గా దాన్నే.

టైటిల్ ఇస్తే చిక్కు తీరుతుందా

ప్రభుత్వం చేతులు ముడుచుకుని లేదు. 2000లో సెయింట్ కేథరిన్‌లో ల్యాంప్ అనే భూ నిర్వహణ కార్యక్రమం మొదలైంది. 2005లో వచ్చిన ప్రత్యేక చట్టం రిజిస్ట్రేషన్ దారిలో పన్నులు, రుసుములు తగ్గించింది. ఇటీవలి సంవత్సరాల్లో నేషనల్ ల్యాండ్ ఏజెన్సీ ఒక ప్రాంతం మొత్తాన్ని ఒకేసారి కొలిచి, హక్కులు విచారించి, టైటిళ్లు ఇచ్చే పద్ధతి చేపట్టింది. ఒక్కో కుటుంబం విడివిడిగా కోర్టుల చుట్టూ తిరగడం కంటే ఇది చవక, వేగం. లోపం కూడా ఆ వేగంలోనే ఉంది. ఊరి పాఠశాల దగ్గర సిబ్బంది వచ్చి వివరాలు రాసుకునే రోజున అక్కడ ఎవరుంటే వాళ్ల కథే ముందుగా ఫైలులోకి వెళుతుంది. అభ్యంతరాలకు గడువు ఉంటుంది. బర్మింగ్‌హామ్‌లోని ముసలావిడకు ఆ సంగతి చెప్పాల్సింది మాత్రం ఊళ్లో ఉన్న బంధువే.

అందరి పేర్లూ ఎక్కించారనే అనుకుందాం. అప్పుడు ఏ రూపంలో అన్న ప్రశ్న వస్తుంది. ముగ్గురు తోబుట్టువులను ‘జాయింట్ టెనెంట్లు’గా రాస్తే, ఒకరు పోగానే ఆ హక్కు పిల్లలకు వెళ్లదు, మిగిలిన ఇద్దరికి చేరుతుంది. చివరికి అందరికంటే ఎక్కువ కాలం బతికినవారికి మొత్తం భూమి, వారి తర్వాత వారి పిల్లలకే. మిగతా రెండు శాఖలు తుడిచిపెట్టుకుపోతాయి. ‘టెనెంట్స్ ఇన్ కామన్’గా రాస్తే ఎవరి వాటా వాళ్ల పిల్లలకు చేరుతుంది, కానీ ఒక్కో తరానికి వాటా చీలుతూ మళ్లీ పాత అరవై పేర్ల లెక్కే, ఎవరైనా ఒకరు కోర్టుకెక్కి విభజనో అమ్మకమో అడగవచ్చు. కొందరు మూడో దారి పడతారు: ట్రస్టు పెట్టి, భూమి వంశం మొత్తానికని రాసి, ఇద్దరు ముగ్గురిని ధర్మకర్తలుగా పెట్టడం. ఆచారానికి దగ్గరగా వచ్చేది ఇదే. ధర్మకర్తలు పోయినప్పుడల్లా కొత్తవాళ్లను పెట్టుకుంటూ పోవాలి, అది మరచిపోయిన తరంలో మళ్లీ మొదటికి వస్తుంది.

ట్రస్టు దస్తావేజులో అందరికంటే కష్టమైన వాక్యం, వంశం అంటే ఎవరు అన్నది. పెంచుకున్న పిల్లవాడు వస్తాడా? ఇంటికి వచ్చిన కోడలి సంగతి? ఉదాహరణకు, భర్త తరఫు ఫ్యామిలీ ల్యాండ్‌లో పాతికేళ్ల క్రితం కాపురం పెట్టి, పట్టణంలో జడలు అల్లి సంపాదించిన డబ్బుతో మూడు గదులు వేయించిన స్త్రీని తీసుకోండి. 2004లో వచ్చిన దంపతుల ఆస్తి హక్కుల చట్టం ఐదేళ్లు కలిసి కాపురం చేసిన జంటలను కూడా, పెళ్లి లేకపోయినా, గుర్తించి కుటుంబ గృహంలో సగం ఇస్తుంది. అయితే ఆ ఇల్లు పూర్తిగా ఆ ఇద్దరిలో ఒకరిదో ఇద్దరిదో అయి ఉండాలి. ఆమె ఇల్లు ఉన్న నేల అరవైమందిది. ఆచారం ఆమెకు పిల్లలున్నంతవరకు ఉండమంటుంది, సొంతం అనదు. మెలిస్సా ఆ మూడు గదుల పైకప్పు ఎత్తుకుపోయి ఉంటే, దాన్ని మళ్లీ వేయించే రుణం ఏ పేరున అడగాలన్న ప్రశ్నకు ఆచారం దగ్గరా జవాబు లేదు, చట్టం దగ్గరా లేదు. ఆమె పిల్లల్లో విదేశం వెళ్లినవారు ఎవరైనా ఉంటే రేకులకు డబ్బు అక్కడి నుంచి రావాలి.